పాత పెట్టె, కొత్త పెట్టె: మాట కలవదెందుకు?

కర్నూలులో ఒక చిన్న కార్యాలయం ఉందనుకుందాం. అక్కడ మూలనున్న బల్లమీద 2006లో కొన్న కంప్యూటరు ఒకటుంది. దాంట్లో నడిచేది విండోస్ ఎక్స్.పి. ఆ కార్యాలయం పద్దులన్నీ ఏళ్ళ తరబడి దాని కడుపులోనే పేరుకున్నాయి. ఇప్పుడు అదే గదిలోకి విండోస్ 11 నడిచే కొత్త కంప్యూటరు వచ్చింది. రెంటినీ తీగలతో ఒకే స్విచ్చి పెట్టెకు కలిపారు. కొత్తదాని ముందు కూర్చుని పాతదాంట్లోని పద్దుల ఫోల్డరు తెరవబోతే ‘దొరకలేదు’ అన్న సందేశం వచ్చింది.

పాత కంప్యూటరు పనిచేస్తూనే ఉంది. కొత్తదీ పనిచేస్తూనే ఉంది. తీగా బాగానే ఉంది. మరి లోపం ఎక్కడుంది?

ఇలాంటి చిక్కు మీ బడిలోని కంప్యూటరు గదిలో రావచ్చు. మార్కెట్ యార్డు దగ్గర కమీషను కొట్టులో రావచ్చు. కాగితాన్ని చదివి నేరుగా కంప్యూటరులోకి పంపే పాత జిరాక్సు యంత్రంతోనూ రావచ్చు. దీనికి సులువైన మందు ఒకటుంది. తెలిసినవారు ఒక చిన్న గడిలో టిక్కు పెడతారు, ఫైళ్ళు వచ్చేస్తాయి. అయితే ఆ సులువైన మందే ఒక్కోసారి కార్యాలయం మొత్తాన్ని ముంచుతుంది. అదెలాగో తెలియాలంటే రోగమేమిటో ముందు తెలియాలి.

రెండు గేజీల కథ

కంప్యూటర్లను కాసేపు పక్కన పెట్టి మన రైళ్ళ సంగతి చూద్దాం. కడప మీదుగా పోయే మద్రాసు – రాయచూరు మార్గం 19వ శతాబ్దం నుంచీ బ్రాడ్‌గేజి. అంటే రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. కర్నూలు మీదుగా సికింద్రాబాదు నుంచి ద్రోణాచలం వచ్చే మార్గం మాత్రం 1990 దశకం దాకా మీటరు గేజి. అంటే 1000 మిల్లీమీటర్లు. ద్రోణాచలం నుంచి గుంతకల్లు దాకా కూడా అప్పట్లో మీటరు గేజే. గుంతకల్లులో రెండు గేజీలూ కలిసేవి.

అప్పట్లో కర్నూలులో వ్యాగనులో వేసిన సరుకు కడప చేరాలంటే ఏం కావాలి? వ్యాగను బాగుంది, ఇంజను బాగుంది, పట్టాలూ బాగున్నాయి. అయినా మీటరు గేజి వ్యాగను గుంతకల్లు దాటి కడప వైపు ఒక్క అడుగు కూడా పోలేదు. అక్కడ సరుకు దించి, వేరే వ్యాగనులోకి ఎక్కించాలి. అది ఏ యంత్రం తప్పూ కాదు. రెండు మార్గాలను వేరువేరు కొలతలతో వేశారు, అంతే.

మన కార్యాలయంలోని రెండు కంప్యూటర్ల సంగతీ అటువంటిదే. విడివిడిగా చూస్తే రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. రెంటికీ మధ్య ‘గేజి’ కలవడం లేదు. అయితే కంప్యూటర్ల మధ్య ఉండేది ఒక్క గేజి కాదు, ఒకదానిమీద ఒకటిగా ఐదారు మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర కాలు జారిందో కనుక్కోవడమే అసలు పని.

కింది మెట్టు నుంచి మొదలుపెట్టండి

దీనికి రెండు నియమాలు గుర్తుంచుకోండి. ఒకటి: కింది మెట్టు గట్టిదని తేలాకే పై మెట్టు ఎక్కాలి. రెండు: ఒకసారికి ఒకే మార్పు చేయాలి. నాలుగు మార్పులు ఒక్కసారే చేసి, పని జరిగితే, ఏ మార్పువల్ల జరిగిందో మీకు తెలియదు. సైన్సు ప్రయోగంలో మీరు పాటించే పద్ధతే ఇది.

మొదటి మెట్టు, తీగ. తీగ గుచ్చిన చోట రెండు వైపులా చిన్న దీపం వెలుగుతున్నదా? వెలగకపోతే పైన ఎంత వెతికినా లాభం లేదు. మన ప్రాంతపు దుమ్ము ఆ రంధ్రాలలో పేరుకుంటుంది. తీగ కొనలో ప్లాస్టిక్ నాలుక విరిగితే అది గట్టిగా కూర్చోదు. తీగ మార్చి, రంధ్రం మార్చి చూడాలి.

రెండో మెట్టు, చిరునామా. నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ 192.168.1.20 వంటి చిరునామా ఉంటుంది. మామూలుగా చిన్న కార్యాలయాలలో మొదటి మూడు అంకెలూ వీధి పేరులాంటివి, చివరిది ఇంటి నెంబరులాంటిది. పాతదాని చిరునామా 192.168.1.20, కొత్తదానిది 192.168.0.15 అయితే రెండూ వేరువేరు వీధుల్లో ఉన్నాయన్నమాట. వాటికి ఒకదాని కేక మరొకదానికి వినబడదు. చిరునామా 169.254తో మొదలయితే, ‘నాకు ఎవరూ చిరునామా ఇవ్వలేదు, నేనే ఒకటి పెట్టుకున్నాను’ అని ఆ కంప్యూటరు చెబుతున్నట్టు.

ఈ మెట్టును పరీక్షించడానికి ‘పింగ్’ అనే చిన్న ఆజ్ఞ ఉంది. ‘ఉన్నావా?’ అని ఒక పొట్లం పంపి, ‘ఉన్నాను’ అనే జవాబుకోసం ఎదురుచూడటమే దాని పని. 1983లో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన దీన్ని రాశాడు. జలాంతర్గామిని వెతికే సోనార్ చేసే చప్పుడు పేరే దీనికి పెట్టాడు. పింగుకు జవాబు వస్తే తీగా, చిరునామా రెండూ బాగున్నట్టే. జవాబు రాకపోతే మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి. కొన్ని కంప్యూటర్లలో ఫైర్‌వాల్ అనే కాపలావాడు పింగుకు జవాబివ్వనివ్వడు.

మూడో మెట్టు, పేరు. పాత విండోస్ యంత్రాలు వీధిలో నిలబడి ‘ఫలానావాడు ఎక్కడున్నాడు?’ అని అందరికీ వినబడేట్టు కేక వేసేవి. ఆ పేరు 15 అక్షరాలకు మించకూడదు. కొత్త యంత్రాలు పేర్లు కనుక్కునే పద్ధతి వేరు. అందుచేత కొత్తదానిలో ‘నెట్‌వర్క్’ అనే కిటికీ తెరిస్తే పాతదాని పేరు కనిపించకపోవచ్చు. కనిపించనంత మాత్రాన అది లేదని కాదు. పేరుకు బదులు \\192.168.1.20 అని చిరునామాతోనే అడిగి చూడండి. పేరుతో రానిది చిరునామాతో వస్తే లోపం ఈ మెట్టులోనే ఉందని తేలిపోయింది.

ఈ మూడు మెట్లూ దాటినా ఫోల్డరు తెరుచుకోకపోతే, మనం అసలు చోటికి చేరుకున్నామన్నమాట.

నాలుగో మెట్టు, మాండలికం

తీగ ఉంది, చిరునామా తెలుసు. ఇక ఒక కంప్యూటరు మరొకదాన్ని ఫైలు అడగాలి. ‘ఈ ఫోల్డరు తెరువు, ఈ ఫైలులో మొదటి భాగం చదివి పంపు, ఇప్పుడు మూసెయ్యి’ అనే మాటలకు రెండు వైపులా ఒకే అర్థం ఉండాలి. అలాంటి మాటల ఒప్పందాన్ని ప్రోటోకాల్ అంటారు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకునే ప్రోటోకాల్ పేరు ఎస్.ఎం.బి. దీన్ని 1983 ప్రాంతంలో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు రూపొందించాడు. తరువాత మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని పెంచుతూ వచ్చింది.

ఈ ప్రోటోకాల్‌లోని వేరువేరు తరాలను ఇంజనీర్లు నిజంగానే ‘మాండలికాలు’ అని పిలుస్తారు. ‘ఎక్కడికి వెళ్తున్నావు?’ అని ఒకరు అడిగితే, మన సీమలో ‘యాడికి పోతాండావు?’ అంటాం. మనుషులం కాబట్టి ఒకరి యాస ఒకరికి అర్థమవుతుంది. కంప్యూటరుకు ఆ ఊహ లేదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా దానికి అది అర్థంలేని చప్పుడే.

అందుకని మాటలు మొదలుపెట్టే ముందు ఒక చిన్న బేరం జరుగుతుంది. అడిగే కంప్యూటరు ‘నాకు ఈ ఈ మాండలికాలు వచ్చు’ అని జాబితా పంపుతుంది. ఇచ్చే కంప్యూటరు ఆ జాబితాలో తనకు కూడా వచ్చినవాటిలో అన్నిటికంటే కొత్తది ఎంచుకుంటుంది. ఉమ్మడిగా ఒక్కటి కూడా లేకపోతే మాటలు అక్కడితో ఆగిపోతాయి.

ఏ యంత్రానికి ఏ మాండలికం వచ్చో చూడండి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.కి ఎస్.ఎం.బి. 1 ఒక్కటే వచ్చు. 2006 చివర తయారయిన విండోస్ విస్టాతో ఎస్.ఎం.బి. 2 వచ్చింది. 2012లో విండోస్ 8తో ఎస్.ఎం.బి. 3 వచ్చింది. 2015లో విండోస్ 10తో 3.1.1 వచ్చింది. మొదటి మాండలికంలో వందకు పైగా ఆజ్ఞలు గజిబిజిగా ఉండేవి. రెండోదానిలో వాటిని 19కి కుదించారు. మూడోదానిలో దారిలో ఎవరూ చదవకుండా మాటలను రహస్య లిపిలోకి మార్చే ఏర్పాటు చేశారు.

2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి, కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్లలో ఎస్.ఎం.బి. 1ను మామూలుగా పెట్టడం మానేశారు. మన కర్నూలు కార్యాలయంలోని చిక్కు ఇప్పుడు విడిపోయింది. పాత పెట్టెకు మొదటి మాండలికం తప్ప మరొకటి రాదు. కొత్త పెట్టె ఆ మాండలికం మాట్లాడదు. ప్రతి పొట్లం మొదట ఉండే గుర్తులో కూడా తేడా ఉంది. పాత మాండలికంలో మొదటి బైటు విలువ 255, కొత్తదానిలో 254. కొత్త యంత్రం 254తో పలకరిస్తుంది. అది పాత యంత్రానికి తెలిసిన మాట కాదు. ‘దొరకలేదు’ అన్న సందేశం వెనుక జరిగింది ఇదే.

ఐదో మెట్టు, నువ్వెవరు?

మాండలికం కలిసినా పని పూర్తికాదు. ఇచ్చే కంప్యూటరు ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. పాత కార్యాలయాలలో రహస్య పదం లేకుండా ‘అతిథి’గా ఎవరైనా ఫోల్డరు తెరిచే ఏర్పాటు ఉండేది. 2017 నుంచి పెద్ద సంస్థలకూ బడులకూ ఇచ్చే విండోస్ 10 రకాలూ, 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు నుంచి ప్రో రకమూ ఇలాంటి అతిథి ద్వారాన్ని మామూలుగా తిరస్కరిస్తాయి. అదే 2024 కూర్పు ప్రతి పొట్లం మీదా ‘సంతకం’ కూడా అడుగుతుంది. సంతకమంటే దారిలో పొట్లాన్ని ఎవరూ మార్చలేదని తేల్చే ఒక లెక్క. సంతకం చేయడం రాని పాత నిల్వపెట్టె దగ్గర పని ఆగిపోతుంది.

పేరు నమ్మినా, అనుమతి ఉండాలి. పంచుకునే ఫోల్డరుకు ఒక అనుమతి, అందులోని ఫైలుకు మరొక అనుమతి ఉంటాయి. రెంటిలో ఏది కఠినమో అదే చెల్లుతుంది.

ఇంకొక చిత్రం చూడండి. విండోస్ ఎక్స్.పి. ప్రో ఒకేసారి పది కంప్యూటర్లను మాత్రమే లోపలికి రానిస్తుంది. పదకొండోది వస్తే తలుపు మూస్తుంది. ‘పొద్దున పనిచేసింది, మధ్యాహ్నం పనిచేయలేదు, సాయంత్రం మళ్ళీ పనిచేసింది’ అని ఎవరైనా చెబితే దయ్యం పట్టిందనుకోకండి. ఎంతమంది ఒకేసారి అడుగుతున్నారో లెక్కపెట్టండి.

లక్షణాన్ని బట్టి మెట్టును ఇలా గుర్తించవచ్చు:

– దీపం వెలగలేదు: తీగ, స్విచ్చి.
– దీపం వెలిగింది, పింగుకు జవాబు లేదు: చిరునామా, లేదా ఫైర్‌వాల్.
– చిరునామాతో తెరుచుకుంది, పేరుతో రాలేదు: పేర్ల పద్ధతి.
– పింగుకు జవాబు ఉంది, ఫోల్డరు జాబితా కూడా రాలేదు: మాండలికం, లేదా ఫైర్‌వాల్.
– రహస్య పదం అడిగి తిరస్కరించింది: గుర్తింపు.
– ఫోల్డరు తెరుచుకుంది, ఫైలు తెరుచుకోలేదు: అనుమతి.

ఒక్క టిక్కు ఖరీదు

ఇప్పుడు ఆ సులువైన మందు దగ్గరికి వద్దాం. కొత్త విండోస్‌లో ఒక జాబితా తెరిచి, ఎస్.ఎం.బి. 1 పక్కన టిక్కు పెడితే పాత మాండలికం తిరిగి వస్తుంది. ఐదు నిమిషాల పని. మరి ఎందుకు పెట్టకూడదు?

2017 మే 12, శుక్రవారం. ఆ రోజు ‘వాన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది. కొద్ది రోజులలోనే సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు అది సోకింది. సోకిన యంత్రంలోని ఫైళ్ళన్నిటినీ రహస్య లిపిలోకి మార్చి, ‘300 డాలర్లు కట్టు, లేకపోతే నీ ఫైళ్ళు నీకు దక్కవు’ అని తెరమీద రాసింది. బ్రిటనులో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసివచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. సీమలోని చిత్తూరు జిల్లావీ వాటిలో ఉన్నాయి.

ఈ పురుగు ఎలా పాకింది? ఎవరూ ఏ ఉత్తరమూ తెరవనక్కరలేదు, ఏ మీటా నొక్కనక్కరలేదు. అది 445 అనే ద్వారం దగ్గరికి వచ్చి, ఎస్.ఎం.బి. 1లో ఉన్న ఒక లోపంలోంచి లోపలికి దూరేది. అక్కడి నుంచి పక్క కంప్యూటరుకు, దాని నుంచి మరొకదానికి. ఫైళ్ళు పంచుకోవడానికి మనం వేసుకున్న దారే దానికీ దారయింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. ఆ దాడిలో ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ ఎక్స్.పి. యంత్రాలు కావు, విండోస్ 7 యంత్రాలు. వాటికి కొత్త మాండలికం కూడా వచ్చు. కాని పాతదాన్ని కూడా తెరిచే ఉంచారు. ఆ లోపాన్ని సవరించే మందును మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే విడుదల చేసింది. దాన్ని వేసుకోని యంత్రాలు రెండు నెలల తరువాత దెబ్బతిన్నాయి. అంటే ప్రమాదం పాత పెట్టెలో మాత్రమే లేదు. కొత్త పెట్టెలో మూయకుండా వదిలిన పాత తలుపులో కూడా ఉంది. మనం టిక్కు పెట్టేది ఆ తలుపు తెరవడానికే.

మరి ఆ లోపాన్ని సవరించారు కదా, ఇంకా భయమెందుకని మీరు అడగవచ్చు. ఆ ఒక్క రంధ్రం పూడ్చారు, నిజమే. కాని ఆ గోడ కట్టిన పద్ధతే పాతది. మొదటి మాండలికంలో మాటలను రహస్యంగా పంపే ఏర్పాటు లేదు. దారిలో ఒక మోసగాడు నిలబడి ‘నాకు పాత మాండలికం ఒక్కటే వచ్చు’ అని అబద్ధమాడి, కొత్త యంత్రాన్ని కిందికి దించగలడు. విండోస్ ఎక్స్.పి.కి మామూలు సవరణలు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి.

మరి ఏం చేయాలి?

అన్నిటికంటే ముందు నకలు. ఆ పాత పెట్టెలో ఉన్నది ఇరవై ఏళ్ళకు దగ్గరవుతున్న డిస్కు. వేసవిలో కర్నూలు, కడపలలో 40 డిగ్రీలు దాటే ఎండ, సందుసందుల్లో దుమ్ము. నెట్‌వర్కు కుదిరినా కుదరకపోయినా ఆ డిస్కు ఒకనాడు ఆగిపోతుంది. కనుక పద్దులను ముందు వేరే డిస్కు మీదికి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. తెరిచి చూడని నకలును నకలుగా లెక్కపెట్టకండి.

ఆ తరువాత దారులు నాలుగు. మంచిదాని నుంచి మొదలుపెట్టి చెబుతాను.

మొదటి దారి, పాతదానికి కొత్త మాట నేర్పడం. నిల్వపెట్టెకో, కాగితం చదివే యంత్రానికో తయారీదారు కొత్త లోపలి ప్రోగ్రాము ఇచ్చి ఉండవచ్చు. అది వేస్తే ఎస్.ఎం.బి. 2 లేదా 3 వస్తుంది. ఎక్స్.పి.కి మాత్రం ఈ దారి లేదు.

రెండో దారి, పద్దులను కొత్త యంత్రానికి తరలించి, పాతదాన్ని నెట్‌వర్కు నుంచి తీసేయడం. పద్దులు తెరిచే పాత ప్రోగ్రాము కొత్తదానిలో నడుస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

మూడో దారి, గుంతకల్లు పద్ధతి. మధ్యలో మరొక కంప్యూటరును పెట్టి, దానికి రెండు తీగల ద్వారాలు ఇస్తారు. ఒక ద్వారం పాత పెట్టె వైపు మాత్రమే. అక్కడ అది పాత మాండలికం మాట్లాడి ఫైళ్ళు తెచ్చుకుంటుంది. రెండో ద్వారం కొత్త యంత్రాల వైపు. అక్కడ కొత్త మాండలికంలోనే ఇస్తుంది. సరుకు గేజి మారుతుంది గాని వ్యాగను దాటదు. పాత పెట్టెకు ఇంటర్నెట్టుతో ఏ సంబంధమూ ఉండదు.

నాలుగో దారి, వేరే గతి లేనప్పుడు మాత్రమే. ఇంటర్నెట్టు తీగ పీకేసి, ‘అడిగే’ భాగాన్ని మాత్రమే తెరిచి, ఫైళ్ళు తెచ్చుకుని, అదే రోజు టిక్కు తీసేయడం. ఆ మాండలికంలో ‘ఇచ్చే’ భాగం వేరే గడిలో ఉంటుంది, దాన్ని తాకకూడదు. విండోస్ 10లో, 15 రోజులు వాడకపోతే ఈ పాత భాగాన్ని కంప్యూటరే తీసివేసే ఏర్పాటు కూడా ఉంది. కాని ఆ భారం యంత్రం మీద వేయకండి.

మీ బడిలోగాని, నాన్నగారి కార్యాలయంలోగాని ఈ మార్పులు మీ అంతట మీరు చేయవద్దు. ఏ మెట్టు దగ్గర ఆగిందో కనుక్కుని, కాగితం మీద రాసి బాధ్యులకు చూపించండి. ‘పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదుకంటే ‘పింగుకు జవాబు ఉంది, ఫోల్డరు జాబితా రావడం లేదు’ అనే వాక్యం వాళ్ళకు వంద రెట్లు ఉపయోగం.

విని నేర్చుకున్న భాష

మధ్య కంప్యూటరులో పనిచేసే ప్రోగ్రాము సాధారణంగా ‘సాంబా’. దాని పుట్టుక సరదాగా ఉంటుంది. 1991 చివర ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి తన బల్లమీది కంప్యూటరు నుంచి విశ్వవిద్యాలయపు యునిక్స్ యంత్రంలోని ఫైళ్ళు తెరవాలనుకున్నాడు. రెండు యంత్రాల భాషలు వేరు. అతడు తీగ మీద పోయే పొట్లాలను పట్టి చూశాడు. ఏది అడిగితే ఏ జవాబు వస్తున్నదో రాసుకున్నాడు. కొత్త ఊరికి పోయిన పిల్లవాడు పెద్దలు మాట్లాడేది వింటూ భాష నేర్చుకున్నట్టే, పుస్తకం లేకుండా ఆ భాష నేర్చుకుని తన ప్రోగ్రాము రాశాడు. మొదట పెట్టిన పేరు మీద మరొక సంస్థకు హక్కు ఉన్నందున కొత్త పేరు కావలసివచ్చింది. ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరుసలో ఉన్న మాట కోసం కంప్యూటరులోని నిఘంటువును వెతికించాడు. అలా దొరికిన పేర్లలో సాంబా ఒకటి. అది బ్రెజిల్ దేశపు నృత్యం. ఆ ప్రోగ్రాము మూలప్రతిని అతడు అందరికీ ఉచితంగా ఇచ్చాడు.

ఫైలు వచ్చింది, తెలుగు రాలేదు!

ఇంతా చేశాక పద్దుల ఫోల్డరు తెరుచుకుంది. అంకెలన్నీ బాగున్నాయి. తెలుగులో రాసిన ఉత్తరం తెరిస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు! తీగ చెడ్డదా? దారిలో ఫైలు పాడైందా? రెండూ కావు.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో ముందే ఒప్పందం ఉండాలి. అను వంటి పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు గుర్తులకు కేటాయించిన అంకెలనే తీసుకుని, వాటికి తెలుగు బొమ్మలు తొడిగాయి. ఆ ఫాంటు ఉన్న పాత పెట్టెలో తెలుగు కనిపిస్తుంది. అది లేని కొత్త పెట్టెలో కింద దాగిన ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత అంకెలు కేటాయించారు: 3072 నుంచి 3199 దాకా. అందులో క 3093, డ 3105, ప 3114. యూనికోడ్‌లో ‘కడప’ అని రాస్తే ప్రపంచంలో ఏ కొత్త యంత్రంలో తెరిచినా అది కడపే.

కనుక నెట్‌వర్కు పని అంకెలను చెడకుండా చేరవేయడం వరకే. వాటి అర్థం చెప్పేది మరొక ఒప్పందం. పాత ఫాంటు వేయడమో, మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చుకోవడమో దీనికి మందు. నకలు తీసిన రోజే ఆ ఫాంటు ఫైలును కూడా భద్రపరచండి. లేకపోతే పద్దులుంటాయి, చదివే దారి ఉండదు.

చేసి చూడండి

1. నోట్‌ప్యాడ్‌లో ‘కడప’ అని యూనికోడ్ తెలుగులో కొట్టి, యు.టి.ఎఫ్-8 అనే పద్ధతిలో భద్రపరచండి. ఫైలు పరిమాణం ఎంత? 9 బైట్లు ఉండాలి. ఈ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ఇప్పుడు ‘కర్నూలు’ అని కొట్టండి. చూడటానికి మూడక్షరాలే, ఫైలు మాత్రం 21 బైట్లు. ఎందుకు? (సూచన: క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం అని లెక్కపెట్టండి.)

2. ఇద్దరు మిత్రులు చెరికొన్ని చీటీలు తీసుకోండి. ఒకరి దగ్గర 1, మరొకరి దగ్గర 2, 3 అంకెలున్న చీటీలు ఉంచండి. మొదటివారు తమ చీటీలు చదవాలి, రెండోవారు తమకూ ఉన్నవాటిలో పెద్దది ఎంచాలి. మాట కలవదు. ఇప్పుడు మూడో మిత్రునికి 1, 2, 3 మూడూ ఇచ్చి మధ్యలో కూర్చోబెట్టండి. మీ మధ్య గుంతకల్లు స్టేషను వెలిసినట్టే.

3. ఆలోచించండి: ఆ మూడో మిత్రుని దగ్గర 1 అనే చీటీ ఉంది కదా, మరి అతనికి ప్రమాదం లేదా? ఉంది. దాన్ని తగ్గించడానికి అతని రెండు ద్వారాలలో దేని దగ్గర ఏ చీటీ ఉంచాలి, దేని దగ్గర దాచాలి? బొమ్మ గీసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.